గెడ్డ నీటికి పురుగుల సాక్ష్యం

"ఏటి బాబూ, చేపలు పడతన్నారేటి?"

గట్టు మీద బట్టలు ఉతుకుతున్న పెద్దావిడ అడిగింది. మేము మోకాలి లోతు నీళ్లలో నిలబడి, వల ముందున్న రాళ్లను కాళ్లతో కదుపుతున్నాం. "చేపలు కాదమ్మా, పురుగులు" అన్నాం. ఆవిడకు నవ్వొచ్చింది. "పురుగులున్నాయనే కదా ఈ నీళ్లు మాకొద్దని గోలెడతన్నాం. మళ్లీ మీరొచ్చి అవే ఏరుతన్నారా?"

అడగాల్సిన ప్రశ్నే. గట్టున కూర్చుని ఆవిడకు చెప్పిన జవాబునే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాం. దళితవాడ పక్కన పారే ఏ వాగు మీదైనా విద్యార్థులు, కార్యకర్తలు చేయగలిగిన పని ఇది. పెద్దగా డబ్బు అక్కర్లేదు. ఓపిక మాత్రం చాలా కావాలి.

బొబ్బిలి వైపు వాగును గెడ్డ అంటారు. పాచిపెంట కొండల నుంచి దిగే వేగావతి సాలూరు మీదుగా ఈ ప్రాంతానికి వస్తుంది. దారిలో చిన్నా పెద్దా గెడ్డలు పారుతుంటాయి. అలాంటి ఒక గెడ్డ దిగువన ఉన్న ఎస్సీ కాలనీ వాళ్లు మమ్మల్ని రమ్మన్నారు. గెడ్డ పేరు, కాలనీ పేరు రాయొద్దని కూడా వాళ్లే అన్నారు. రోజూ కూలికి వెళ్లే పొలాలు ఎవరివో వాళ్లకు తెలుసు కదా.

వాళ్ల బాధ ఇది. పగలు నీళ్లు బాగానే కనిపిస్తాయి. బాగా పొద్దుపోయాక వాసన మొదలవుతుంది. తెల్లారి చూస్తే రాళ్లకు నురగ అంటుకుని ఉంటుంది. కాసేపటికి అదీ కొట్టుకుపోతుంది. ఫిర్యాదు చేస్తే ఒక కార్యాలయం నుంచి మనుషులు వచ్చారు. పట్టపగలు వచ్చి, సీసాలో నీళ్లు పట్టుకుని వెళ్లారు. అన్నీ పరిమితుల లోపే ఉన్నాయని కాగితం వచ్చింది. ఆ కాగితం అబద్ధమని మేము అనడం లేదు. ఆ సీసాలో ఉన్నవి ఆ నిమిషంలో పారిన నీళ్లు. ముందురోజు రాత్రి పారిన నీళ్లు అప్పటికే దిగువకు వెళ్లిపోయాయి.

పగటి నీళ్లతో ఇంకో చిక్కు కూడా ఉంది. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను చూసి నీటి నాణ్యతను అంచనా వేస్తారు. 30 డిగ్రీల వేడిలో శుభ్రమైన నీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో స్నానానికి పనికొచ్చే నీటిలో కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి. మురుగు, ఎరువులు చేరిన నీళ్లలో నాచు బాగా పెరుగుతుంది. ఎండ ఉన్నంతసేపూ ఆ నాచు ఆక్సిజన్‌ను వదులుతూనే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం కొలిస్తే అంకె బ్రహ్మాండంగా వస్తుంది. చీకటి పడ్డాక నాచు ఆక్సిజన్ ఇవ్వడం మానేసి, అందరితో పాటు తానూ పీల్చుకుంటుంది. దాంతో తెల్లవారుజామున అంకె పడిపోతుంది. చేపలు ఊపిరాడక పైకి తేలేది ఆ వేళకే. తెల్లవారుజామున నాలుగింటికి గెడ్డ దగ్గరికి వచ్చి సీసా నింపే ఉద్యోగిని మేమింకా చూడలేదు.

రాత్రీ పగలూ గెడ్డలోనే ఉండే సాక్షులు ఎవరా అని చూస్తే రాయి కింద దొరుకుతారు.

*

గెడ్డలో రాయి తిప్పి చూస్తే అడుగున కదిలే చిన్న ప్రాణులను వెన్నెముక లేని జలచరాలు అంటాం. పురుగుల పిల్లదశలు, నత్తలు, జలగలు, పీతలు, రొయ్యలు, ఎర్రలు, ఆల్చిప్పలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కంటికి కనిపించేంత పెద్దవి. చేపలా ఈదుకుంటూ పారిపోలేనంత చిన్నవి. వీటిలో కొన్ని వారాలు, కొన్ని నెలలు నీటిలోనే బతుకుతాయి. ఆ కాలంలో ఒక్క రాత్రి విషం పారినా, వారం రోజులు ఆక్సిజన్ తగ్గినా ఓర్చుకోలేనివి చచ్చిపోతాయి, లేదా వరదలో పుల్లల్లా కొట్టుకుపోతాయి. ఓర్చుకోగలిగినవి మిగులుతాయి. పగలు నీళ్లు ఎంత తేటగా కనిపించినా, ఎవరు మిగిలారో ఎవరు లేరో చూస్తే గడిచిన కొన్ని వారాల సంగతి బయటపడుతుంది.

ఎక్కువ సున్నితమైనవి మూడు గుంపులు. తెలుగులో వీటికి వాడుక పేర్లు పుస్తకాల్లో మాకు దొరకలేదు కాబట్టి ఇంగ్లీషు పేర్లే వాడుతున్నాం. మేఫ్లై పిల్లకు పొట్ట పక్కల ఆకుల్లాంటి మొప్పలు, వెనక సాధారణంగా మూడు తోకలు ఉంటాయి. స్టోన్‌ఫ్లై పిల్లకు రెండే తోకలు. చల్లగా, వేగంగా, రాళ్ల మధ్య పారే నీరంటే దానికి ఇష్టం. కాడిస్‌ఫ్లై పిల్లల్లో కొన్ని ఇసుక రేణువులు, పుల్లముక్కలు అతికించుకుని తమ చుట్టూ గొట్టం కట్టుకుంటాయి. కొన్ని రాళ్ల మధ్య సాలీడులా వల అల్లి, పారే నీళ్లలోంచి తిండి వడగట్టుకుంటాయి.

ఇంకో కొసన ఉన్నవి మురుగులోనూ బతికేవి. ఎర్రటి దారప్పోగులా మెలికలు తిరిగే పురుగు కైరోనమిడ్ అనే ఈగజాతి పిల్ల. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ దానిలోనూ ఉంటుంది. అందుకే అంత ఎరుపు, అందుకే ఆక్సిజన్ దాదాపు లేని బురదలో కూడా బతకగలదు. దాని పక్కనే బురదలో తల దూర్చి తోక ఊపే సన్నటి ఎర్రలు ఉంటాయి. పైన పెద్దావిడ చెప్పిన "పురుగులు" ఇవే. ఆవిడ మాటను మేము కొట్టేయలేదు. నీళ్లలో పురుగులు ఉండటం జబ్బు కాదని, గెడ్డ నిండా ఒకటి రెండు రకాలే మిగిలితే అది జబ్బని మాత్రమే కలిపాం. తూనీగ పిల్లలు, నీటితేళ్లు, నత్తలు, జలగలు ఈ రెండు కొసల మధ్య వేర్వేరు మెట్ల మీద ఉంటాయి.

ఈ ఆలోచన పాతదే. 1900ల తొలి దశకంలోనే కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు మురుగును తట్టుకునే శక్తిని బట్టి జీవులను వర్గాలుగా విడదీశారు. 1970ల చివర్లో బ్రిటన్‌లో ఒక కార్యవర్గం ఒక్కో పురుగు కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులు ఇచ్చింది. దాన్ని పొడి అక్షరాల్లో బీఎండబ్ల్యూపీ అంటారు. దక్షిణాఫ్రికాలో బడిపిల్లలు, పల్లెజనం కూడా చేయగలిగేలా మినీసాస్ అనే చిన్న పద్ధతి తయారుచేశారు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా డచ్ సహకారంతో యమునా నదిపై చేసిన పని ఆధారంగా ఇక్కడి నదులకు జీవ ప్రమాణాలు రాసుకుంది. అంటే ఇది ప్రభుత్వానికి తెలియని విద్య కాదు. తెలిసిన విద్య, వాడల దాకా రాని విద్య.

*

చేసే విధానం చెబుతాం. దోమతెర గుడ్డను రెండు కర్రల మధ్య కట్టినా సరే, ఒక మిల్లీమీటరు కన్నాలున్న చేతివల కొన్నా సరే. తెల్లటి ప్లాస్టిక్ ట్రే, బకెట్, చెంచా, మెత్తటి పట్టకారు, భూతద్దం, పెన్సిలు, నోటుపుస్తకం. పెన్ను వద్దు, నీళ్లు పడితే సిరా పారిపోతుంది. (మొదటిరోజు నోటుపుస్తకం మాకు అలాగే పోయింది.)

కనీసం మూడు చోట్లు ఎంచుకోవాలి. మురుగు కలిసే చోటుకు పైన ఒకటి, కలిసిన తర్వాత ఒకటి, ఇంకా దిగువన వాడ వాళ్లు వాడుకునే రేవు దగ్గర ఒకటి. పని కింది చోటు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. పైన ముందు తొక్కితే అక్కడి బురద, పురుగులు కిందికి వచ్చి లెక్క చెడిపోతుంది. పారే నీటికి ఎదురుగా వల నోరు పెట్టి, దాని ముందు నిలబడి మూడు నిమిషాల పాటు అడుగును కాళ్లతో కదపాలి. గట్టు పక్క గడ్డి, వేళ్లు, రాకు, ఇసుక, రాళ్లు అన్నిటికీ ఆ మూడు నిమిషాల్లో వాటా ఉండాలి. తర్వాత నాలుగు పెద్ద రాళ్లు తీసి బకెట్‌లో చేత్తో కడగాలి. దొరికినదంతా తెల్ల ట్రేలో పోసి కదలకుండా ఒక నిమిషం చూడాలి. మొదట చెత్త తప్ప ఏమీ కనిపించదు. తర్వాత చెత్త నడవడం మొదలవుతుంది.

రబ్బరు బూట్లు, చేతితొడుగులు తప్పనిసరి. కాలికి పుండు ఉన్నవాళ్లు నీళ్లలోకి దిగకూడదు. ఎలుక మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. లెక్క అయ్యాక పురుగులను తీసిన చోటే వదిలేయాలి.

ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యం. నైరుతి వానల్లో, అక్టోబరు తుఫానుల్లో గెడ్డ పొంగితే అడుగుతో సహా కొట్టుకుపోతుంది. అప్పుడు పురుగులు లేకపోతే ఆ నేరం వరదది. నీళ్లు తగ్గి, అడుగు కుదురుకుని, పురుగులు మళ్లీ చేరాక, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలంలో గెడ్డ గుంటలుగా తెగిపోతే ఈ పద్ధతి పనిచేయదు.

ఇక లెక్క. రెండు అంకెలు కావాలి. మొదటిది, దొరికిన ప్రతి కుటుంబానికి పట్టికలో ఉన్న మార్కు రాసి సగటు తీయడం. ఒక కుటుంబం నుంచి పురుగు ఒక్కటి దొరికినా వంద దొరికినా ఒకసారే లెక్క. అర్థం కావడానికి ఊహించిన ఉదాహరణ చెబుతాం, ఇది ఏ గెడ్డ ఫలితమూ కాదు. పై చోట హెప్టాజెనిడే అనే చదునైన మేఫ్లై (10), పెర్లిడే స్టోన్‌ఫ్లై (10), గోంఫిడే తూనీగ పిల్ల (8), వల అల్లే హైడ్రాప్సైకిడే కాడిస్‌ఫ్లై (5), బీటిడే మేఫ్లై (4), కైరోనమిడే (2) దొరికాయనుకోండి. మొత్తం 39, కుటుంబాలు 6, సగటు 6.5. మురుగు కలిసిన చోట లిమ్నియిడే నత్త (3), జలగ (3), కైరోనమిడే (2), ఎర్రలు (1) మాత్రమే మిగిలాయనుకోండి. మొత్తం 9, కుటుంబాలు 4, సగటు 2.25. రెండు చోట్లా కైరోనమిడ్లు ఉన్నాయని గమనించండి. ఆ ఎర్ర పురుగు కనిపించగానే నీళ్లు పాడయ్యాయనకూడదు. దాని తోడు ఎవరున్నారో చూడాలి.

రెండో అంకె వైవిధ్యానిది. దీనికి పేర్లు తెలియక్కర్లేదు, అందుకే బడిపిల్లలకు ముందు ఇదే నేర్పుతాం. ట్రేలోంచి ఏరకుండా, చేతికి వచ్చిన వరుసలో ఒక్కో ప్రాణిని తీసి పెట్టాలి. ముందుదానిలాగే ఉంటే అదే గుంపు, వేరుగా ఉంటే కొత్త గుంపు మొదలు. గుంపుల సంఖ్యను ప్రాణుల సంఖ్యతో భాగిస్తే వైవిధ్యం వస్తుంది. ఇరవై తీస్తే ఇరవైూ ఎర్ర పురుగులే అయితే ఒకటే గుంపు, అంటే 0.05. ప్రతిసారీ ముందుదానికి భిన్నమైనది వస్తే 1.

మండలి ప్రమాణాల ప్రకారం సగటు 7, ఆపైన ఉంటే శుభ్రమైన నీరు. 6 నుంచి 7 అయితే స్వల్ప కాలుష్యం, 3 నుంచి 6 అయితే ఒక మోస్తరు, 2 నుంచి 5 అయితే భారీ, 2 లోపు అయితే తీవ్రం. మధ్యలో అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి కదా, అక్కడ వైవిధ్యం తీర్పు చెబుతుంది. అది 0.4 కంటే పైకి రాకపోతే భారీ కాలుష్యం వైపు చూడాలి.

*

ఇంతవరకే చదివి రేపు వల పట్టుకుని వేగావతిలో దిగితే తప్పు జరుగుతుంది. ఆ తప్పు మేమూ చేశాం. కొండ దిగువన రాళ్ల గెడ్డలో స్టోన్‌ఫ్లైలు చూసి, మైదానంలో ఇసుక మేట వేసిన చోట అవి లేవని చూసి, మధ్యలో ఏదో ఘోరం జరిగిందని రాసుకున్నాం. ఘోరమేమీ లేదు. వెచ్చటి నీళ్లలో, కదిలే ఇసుకలో స్టోన్‌ఫ్లై ఎలాగూ ఉండదు. రాయి లేని చోట రాతిపురుగు కోసం వెతికి, లేదని గోల పెట్టామన్నమాట.

అందుకే పురుగులతో పాటు ఒడ్డు సర్వే కూడా జరగాలి. ఒకే రకం అడుగు, ఒకే రకం వేగం, ఒకే రకం నీడ ఉన్న చోట్లను పోల్చితేనే తేడాకు కారణం నీళ్లే అని చెప్పగలం. బ్రిటన్‌లో నది ఆవాస సర్వే 500 మీటర్ల పొడవున, ప్రతి 50 మీటర్లకు ఒకచోట ఆగి పది చోట్ల చేస్తారు. అమెరికా పర్యావరణ సంస్థ పద్ధతిలో పది అంశాలకు ఒక్కోదానికి 20 చొప్పున మొత్తం 200 మార్కులు. అడుగున ప్రాణులు దాక్కోగల రాళ్లు, కట్టెలు ఎన్ని, ఆ రాళ్లు బురదలో ఎంతవరకు కూరుకుపోయాయి, వేగమూ లోతూ ఎన్ని రకాలు, కొత్త మేటలు పడ్డాయా, గెడ్డను తవ్వి తిన్నగా చేశారా, గట్టు కోసుకుపోతోందా, గట్టు మీద చెట్టూచేమా ఉన్నాయా, ఆ పచ్చదనం ఎంత వెడల్పు అని వరుసగా చూస్తారు.

వీటిలో రాయి ఎంత కూరుకుపోయిందన్నది అందరికన్నా త్వరగా వాడలోని ఆడవాళ్లు చెప్పగలరు. బట్టలు ఉతికే రాయిని ఏటా కాస్త పైకి లాగాల్సి వస్తోందంటే అడుగున మేట పెరుగుతోందని అర్థం. ఎగువన ఇసుక తవ్వకం మొదలైందా, గట్టు దున్నారా అన్నది ఆ తర్వాత వెతకాలి.

అయితే ఈ ఫారాల మీద మాకొక పేచీ ఉంది. అమెరికా ఫారంలో గట్టు పచ్చదనం 18 మీటర్ల కంటే వెడల్పుగా ఉండి, అందులో మనిషి జాడ లేకపోతే పూర్తి మార్కులు. ఇళ్లు, దారి, పశువుల రేవు, చాకిరేవు ఉంటే మార్కులు పోతాయి. ప్రాణుల దృష్టితో చూస్తే ఆ లెక్కలో తప్పు లేదు. కానీ మన ఊళ్లలో గెడ్డ గట్టున ఉన్నది ఎవరు? ఊరికి దిగువన, ముంపు తగిలే చోట, మరొకరికి అక్కర్లేని భూమిలో మాల, రెల్లి, పైడి కుటుంబాలకు ఇళ్లు వచ్చాయి. ఆ ఫారాన్ని ఉన్నదున్నట్టు నింపితే గెడ్డను పాడుచేసింది ఆ కుటుంబాలేనని కాగితం చెబుతుంది. రేపు ఎవరో దాన్ని పట్టుకుని సుందరీకరణ పేరుతో గట్టు ఖాళీ చేయించవచ్చు. ఎగువ నుంచి మురుగు వదిలేవాడి ఇల్లు గట్టుకు అర కిలోమీటరు దూరంలో ఉంటుంది. ఫారంలో అతనికి గడే లేదు.

అందుకే మా ఫారంలో కొన్ని గడులు కలుపుకున్నాం. ఈ చోటును స్థానికులు ఏ పేరుతో పిలుస్తారు? ఇక్కడ ఇళ్లు ఎప్పటి నుంచి ఉన్నాయి, పట్టా ఉందా? ఈ రేవు ఎవరిది, ఎవరిని రానివ్వరు? కనిపించే ప్రతి తూము, కాలువ వెనక్కి నడిచి వెళ్తే ఎక్కడికి చేరుతుంది? అన్నిటికంటే ముఖ్యమైన గడి: ఈ నీళ్లను ఇదివరకు దేనికి వాడేవారు, ఏ పనికి వాడటం ఎప్పుడు మానేశారు? తాగడం, వండటం, స్నానం, గిన్నెలు, పశువులు, చేపలు అని విడివిడిగా రాస్తాం. ఈ గడి ఎందుకంత ముఖ్యమో చట్టం చదివితే తెలుస్తుంది.

*

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989లో నీళ్ల గురించిన నేరం మొదటి నుంచీ ఉంది. 2015 సవరణ తర్వాత అది సెక్షన్ 3(1)(ఎక్స్). ఎస్సీలు, ఎస్టీలు మామూలుగా వాడుకునే ఊట, జలాశయం లేదా మరే నీటివనరునైనా, వాడుకునే పనికి తక్కువగా పనికొచ్చేలా పాడుచేయడం నేరం. చేసినవాళ్లు ఎస్సీ, ఎస్టీ కానివాళ్లై ఉండాలి. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. నది, వాగు, రేవు వంటివి ఇతరులతో సమానంగా వాడుకోకుండా అడ్డుకోవడం 3(1)(జడ్ఏ) కింద వేరే నేరం.

ఈ సెక్షన్ ఊరికే పుట్టలేదు. మహాడ్‌లో 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో వేలమంది చౌదార్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత అక్కడి ఆధిపత్య కులాల వాళ్లు ఆవు పేడ, ఆవు మూత్రం కలిపిన కుండలు ఆ చెరువులో పోసి "శుద్ధి" చేశామన్నారు. పేడ కలిసిన నీళ్లకు పురుగుల పట్టికలో ఎన్ని మార్కులు వస్తాయో విద్యార్థులు లెక్క వేసుకోవచ్చు. మన దగ్గర 1985 జులైలో కారంచేడులో గొడవ మొదలైంది కూడా దళితుల మంచినీటి చెరువు దగ్గరే. కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్లు కడిగి ఆ నీళ్లను చెరువు వైపు వదిలితే వద్దన్నారు, మున్నంగి సువార్త బిందె ఎత్తింది. జులై 17న ఆరుగురు దళితులను చంపారు. ఇక్కడికి దగ్గర్లో చూస్తే, వేగావతి, సువర్ణముఖి రెండూ నాగావళిలో కలిసేది వంగర మండలంలో. సువర్ణముఖి మీద మడ్డువలస జలాశయం ఉన్నదీ ఆ మండలంలోనే. దానికోసం సేకరించగా ముంపుకు గురికాకుండా మిగిలిన భూమి తగాదాలో 2012 జూన్ 12న లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపారు. బొబ్బిలి గెడ్డ నీళ్లు పారే దారి అది.

చట్టం అడిగేది "తక్కువగా పనికొచ్చేలా" అన్న తేడాను. అప్పుడు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది. పైన ఎలా ఉంది, కింద ఎలా ఉంది? ఒక్క సీసా ఆ తేడాను చూపలేదు. ఒకే కాలంలో, ఒకే రకం అడుగు ఉన్న మూడు చోట్ల, ఏటా ఒకే నెలలో తీసిన పురుగుల లెక్క చూపగలదు. పక్కనే, ఏ పనికి నీళ్లు వాడటం ఎప్పుడు మానేశారో ఆడవాళ్లు చెప్పి రాయించిన గడి ఉంటుంది. ఈ రెండూ కలిపి పెడితే, మళ్లీ వచ్చి, ఈసారి రాత్రిపూట నమూనా తీయండి అని కార్యాలయాన్ని అడగడానికి బలం వస్తుంది.

అంతకు మించి ఈ పద్ధతి మీద బరువు వేయకండి. 1974 నాటి జల కాలుష్య చట్టం సెక్షన్ 21 ప్రకారం వ్యర్థ జలాల నమూనాను మండలి అధికారే నోటీసు ఇచ్చి తీసి, రెండు భాగాలు చేసి, సీలు వేసి పంపాలి. మన ట్రే దానికి బదులు కాదు. పురుగులు బాగున్నాయి కాబట్టి నీళ్లు తాగొచ్చని కూడా ఎప్పుడూ చెప్పకూడదు. స్టోన్‌ఫ్లైలు ఉన్న కొండ గెడ్డలోనూ విరేచనాలు తెచ్చే బాక్టీరియా ఉండొచ్చు. తాగే నీటికి కోలిఫాం పరీక్ష వేరుగా చేయించాలి.

ఇంకొకటి. ఈ మార్కులు ప్రధానంగా మురుగు, కుళ్లే వ్యర్థాల కోసం తయారైనవి. బొబ్బిలి గ్రోత్ సెంటర్ లాంటి పారిశ్రామిక వాడ ఉన్న ప్రాంతంలో లోహాల సంగతి కూడా ఆలోచించాలి. లోహాలు కలిస్తే హెప్టాజెనిడే మేఫ్లైలు ముందు మాయమవుతాయి, వల అల్లే కాడిస్‌ఫ్లైలు చాలాసార్లు తట్టుకుని నిలబడతాయి. సగటు పెద్దగా పడకపోవచ్చు. పురుగుమందు పడితే మురుగు జాడే లేకుండా మేఫ్లైలు ఒక్కసారిగా పోతాయి. అందుకని సగటు ఒక్కటే రాసి ఊరుకోకుండా, ఏ కుటుంబం ఎప్పుడు కనిపించలేదో కూడా రాయండి. ఆ జాబితా చూసి, ప్రయోగశాలలో ఏ పరీక్ష అడగాలో తేల్చుకోవచ్చు. ఎవరు వదిలారో మాత్రం పురుగు చెప్పదు. దానికి తూము వెంట వెనక్కి నడవాల్సిందే. దొరికింది మునిసిపాలిటీ కాలువైతే ఎవరి మీద ఏ సెక్షన్ పెట్టాలన్నది న్యాయవాదితో కూర్చుని తేల్చుకోవాలి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక ఇంకో తిప్పలు వచ్చింది. పాచిపెంట, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి, బొబ్బిలి విజయనగరంలో ఉంది. ఎగువ ఒక కలెక్టరుది, దిగువ ఇంకొకరిది. ఫిర్యాదు రాసేటప్పుడు రెండు చోట్లకూ ఒకే రోజు, ఒకే పటంతో పంపండి.

మొన్న మళ్లీ వెళ్లినప్పుడు ఆ పెద్దావిడ రాలేదు, పదో తరగతి చదివే మనవరాలు వచ్చింది. ట్రే తనే పట్టుకుంది. కాసేపటికి ఒకదాన్ని చెంచాలో ఎత్తి, "దీనికి రెండే తోకలున్నాయి, స్టోన్‌ఫ్లై కదా?" అని నిలదీసింది. నిజమైతే ఆ చోట అది పెద్ద వార్త. మేము ముగ్గురం ఆ చెంచా మీద వంగిపోయాం. మేఫ్లైకి ఒక తోక విరిగిపోయి ఉండొచ్చు, రెండు తోకల మేఫ్లైలూ ఉన్నాయి, కాబట్టి కాలి చివర గోళ్లు చూడాలని చెప్పాం. స్టోన్‌ఫ్లైకి ప్రతి కాలికీ రెండు గోళ్లు, మేఫ్లైకి ఒకటే. ఆ అమ్మాయి భూతద్దం లాక్కుని చాలాసేపు చూసింది. "ఒక్కటే" అని చెప్పి, మేము చెప్పకముందే నోటుపుస్తకంలో మేఫ్లై అని రాసుకుంది, పెన్సిలుతో.